రెండు వేళ్లు తక్కువ

పోయిన వారం చువ్వ చేతిలో జానెడు కూడా లేని ఒక లోహపు ముక్క ఉండగా ఆగాం. గంట గడిచింది. అది ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆ ముక్క ముదురాకుపచ్చ రేసు సైకిల్‌ది. చువ్వ వాళ్ల నాన్న గొట్టం గొట్టం తన చేత్తో అతికి, కొడుకు కోసం కట్టిన సైకిల్. పదకొండేళ్ల కిందట పందెంలో, కొండ దిగుతుండగా, ఆ కొడుకు చేతుల్లోకి హ్యాండిల్ ఊడి వచ్చేసింది. మనిషి లోయలోకి పోయాడు. శవం దొరికింది, సైకిల్ దొరకలేదు. మూడు వారాల కిందట తెల్ల గ్లవ్వుల పెద్దమనిషి ఒకాయన అదే సైకిల్‌ని, తుప్పు ముద్దని, గోనెపట్టాలో చుట్టి తెచ్చి అదే షాపులో అదే బల్ల ముందు దించాడు. "పాత భాగాలతోనే బాగు చెయ్యాలి. గేర్లు తీసేసి ఒంటి గేరు సైకిల్‌గా మార్చాలి. హ్యాండిల్ కాడ మాత్రం దానికున్నదే ఉండాలి, మార్చొద్దు" అన్నాడు. శుక్రవారం పదకొండింటికి వస్తానని వెళ్లిపోయాడు.

ఇవాళ శుక్రవారం. గోడ గడియారంలో పది కావస్తోంది.

సైకిల్ దాదాపు తయారైపోయింది. స్టాండు మీద నిలబెట్టి ఉంది, పెళ్లికి తయారైన మనిషిలా. చువ్వ మూడు వారాలు దానితోనే కాపురం చేసింది. పెడళ్ల ఇరుసు విప్పినప్పుడు గొట్టాల్లోంచి శేరెడు ఎర్రమట్టి రాలింది. కొండ మీద ఉన్నదంతా నల్లరాయి కదా, ఇదెక్కడి మట్టి అనుకుంది. సీటు గొట్టం తుప్పుకి కరుచుకుపోతే నాలుగు రోజులు నూనె పోసి, బతిమాలి, చివరికి బూతులు తిట్టి బయటికి లాగింది. ఐదు పళ్ల చక్రాల గేర్ల గుత్తి పీకేసింది. వెనక కొమ్ముల్ని మిల్లీమీటరు మిల్లీమీటరుగా దగ్గరికి వంచి, పాత సామాన్ల కొట్టులో దొరికిన ఒంటి గేరు హబ్బుకి చోటు చేసింది. వెనక చక్రానికి ముప్పై ఆరు చువ్వలూ కొత్తగా అల్లింది. తోలు సీటుకి కొవ్వు పట్టించింది. చైను ముందునించి వెనక్కి గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. అంతా అయ్యాక ఆఖర్న హ్యాండిల్ కాడ పైకి లాగింది.

కాడ రెండు వేళ్లు పొట్టిగా వచ్చింది.

హ్యాండిల్ కాడ అంటే హ్యాండిల్‌ని ముందు ఫోర్కు గొట్టంలో నిలబెట్టే కడ్డీ. నాలుగు వేళ్ల లోతు లోపలికి దిగాలి. దీన్ని ఎవరో అడుగునుంచి కోసేశారు. పైనుంచి చూస్తే ఏ తేడా తెలియదు. లోపల మాత్రం పట్టు రెండు వేళ్లే. బిగించే మర కూడా దానికి తగ్గట్టు పొట్టిది వేశారు. మామూలు రోడ్డు మీద నడుస్తుంది. దిగుడులో, వేగం మీద, మనిషి లేచి నిలబడి హ్యాండిల్ గుంజితే చేతిలోకొస్తుంది.

పందెం రోజు పొద్దున చివరగా ఆ మర బిగించింది నాన్న. "నేనే సరిగా బిగించలేదు" అని అందరి ముందూ చెప్పింది కూడా ఆయనే. ఆ రోజు మేడమీది గదిలోకి వెళ్లినవాడు పదకొండేళ్లుగా షాపులోకి దిగలేదు. ఆకురాయి ముట్టలేదు. కూతురితో మాట్లాడలేదు. చువ్వ పెట్టిన కంచం గుమ్మం ముందునుంచి తీసుకుంటాడు, గుమ్మం ముందే పెడతాడు. చేసిన తప్పుకి మొహం చూపించలేకపోతున్నాడు అనుకుంది ఆమె.

ఇప్పుడు ఆ మెట్లెక్కి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. నాన్నా, తప్పు నీ చేతిది కాదు.

ఎవరి చేతిదో కూడా ఆమెకి తెలుసు. అందుకే ఆగింది. ఆ చెయ్యి రోజూ పదింటికి వస్తుంది.

వచ్చింది.

"ఏంటే చువ్వా, పొద్దున్నే మొహం పంక్చరైంది?" అన్నాడు బాబాయి, చంకలో ఫ్లాస్కుతో లోపలికొస్తూ. ఆమె సన్నగా పుట్టిందని చువ్వ అని పేరు పెట్టింది ఆయనే. బడి మానేసి బల్ల దగ్గరికొస్తే పని నేర్పిందీ ఆయనే.

"చిన్న సందేహం బాబాయ్. ఇలా రా."

"నీకు సందేహమా! నీ సందేహాలకి నేను చెప్పే రోజులు పోయాయనుకున్నానే."

"ఇది ఎవరి పనో చెప్పు."

కాడ ఆయన అరచేతిలో పెట్టింది. బాబాయి కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని వెలుతురులో తిప్పాడు. ఎంతసేపు తిప్పాలో అంతసేపే తిప్పాడు. ముఖంలో ఒక్క నరం కదల్లేదు.

"మంచి పని" అన్నాడు. "అంచు వెన్నలా ఉంది."

"అదే నాకు పట్టి ఇచ్చింది బాబాయ్. మనిషిని చంపడానికి కోసేవాడు అంచు నున్నగా రాస్తాడా? ఎవడో దొంగ అయితే రంపంతో గరగరా కోసి, గరుకు అలాగే వదిలేసి పారిపోడూ? వీడు లోపలి అంచు కూడా గుండ్రటి ఆకురాయితో తిప్పాడు. గ్రీజు రాసి మరీ పెట్టాడు. గరుకు వదిలితే వాడికి అన్నం సయించదు. అలాంటి రోగం ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఈ షాపులోనే ఉన్నారు."

"మీ నాన్నకీ ఉంది ఆ రోగం."

"నాన్నది కుడిచేతి వాటం. ఈ గీతలు చూడు, ఎటు వాలాయో. ఇవి ఎడమచేత్తో పట్టిన ఆకురాయి గీతలు."

బాబాయి ఫ్లాస్కు మూత విప్పి, ఎడమచేత్తోనే, టీ పోసుకున్నాడు. చుక్క ఒలకలేదు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"పైకి వెళ్లి నాన్నకి చెబుతా. ఆ తర్వాత అందరికీ."

"చెప్పు. మెట్లు అక్కడే ఉన్నాయి." టీ ఊదుకుని తాగాడు. "కానీ చువ్వా, నా చేతి పని అని నోటితో అంటే సరిపోదుగా. నేను ఇప్పుడొకటి కోస్తా. పక్కపక్కన పెట్టుకుని చూసుకో. రెండూ ఒకటైతే నా చొక్కా పట్టుకుని నువ్వే లాక్కెళ్లు."

చువ్వకి ఒళ్లు మండింది. ఇంత పొగరా! పాత కాడ ఒకటి తీసి ఆయన ముందు విసిరింది. బాబాయి దాన్ని వైసులో బిగించాడు. ఎడమచేత్తో రంపం పట్టాడు. కుడి బొటనవేలి గోరు గొట్టానికి ఆనించి, ఆ గోరు పక్కనుంచే రంపం మొదలుపెట్టాడు. ఆయన ఎప్పుడూ అలాగే మొదలుపెడతాడు. ఆ గోరు నడిమధ్యన చీలిపోయి ఉండేది అందుకే. తెగింది. ఆకురాయి పట్టాడు, బయట, లోపల. ముక్క తెచ్చి పాతదాని పక్కన పెట్టాడు.

గీతలు ఒకే వైపు వాలాయి.

"ఇంకేం కావాలి?" అంది చువ్వ.

"కళ్లు కావాలి. పాతదాని అంచు మీద చిన్న గాటుంది, చూశావా? రంపం జారకుండా ముందు ఆకురాయి మూలతో పెట్టిన గాటు. సగం తెగింది, సగం మిగిలింది. నాదాని మీద ఏదీ?"

చువ్వ చూసింది. గాటు ఉంది. పొద్దున్న కూడా చూసింది. రాయికి కొట్టుకున్న దెబ్బ అనుకుంది.

"నేను గోరు పెడతానమ్మా. గాటు పెట్టను. పోనీలే, ఇప్పుడు నువ్వొకటి కొయ్యి."

"నేనెందుకు?"

"భయమా?"

ఆ మాటకి చువ్వ ఇంకో కాడ వైసులో బిగించింది. ఆకురాయి అందుకుంది. మూలతో గొట్టం మీద మూడుసార్లు గీకింది, గర్ గర్ గర్. రంపం పెట్టింది. నాలుగు లాగుళ్లు లాగింది.

ఐదోది లాగలేకపోయింది.

రంపం ఆమె ఎడమచేతిలో ఉంది.

అన్నం కుడిచేత్తో తింటుంది. రాతా కుడిచేత్తోనే. కానీ పని నేర్చుకున్నది బాబాయి పక్కన నిలబడి, ఆయన్ని చూసి చూసి. బల్ల దగ్గర ఆమె ఎడమచేతి వాటం అని ఊరందరికీ తెలుసు. ఆమెకి మాత్రం ఇవాళ గుర్తు రాలేదు. అద్దం లేకపోతే ఎవరి మొహం వాళ్లకి కనబడదు కదా.

"గుర్తొస్తోందా?" అన్నాడు బాబాయి ముద్దుగా. "నీకు పదిహేడేళ్లు. మధ్యాహ్నం. మీ అన్నయ్య ఈతకి పోయాడు. ఎవరో చిన్నపిల్లాడి సైకిల్‌కట, కాడ పొడుగైందట, రెండు వేళ్లు తీసెయ్యమని ఒకటి ఇచ్చా నీకు. నా పేరు నిలబెట్టేలా ఉండాలే అంచు, అన్నా. గంటసేపు రాశావు."

గుర్తొచ్చింది. అంతా, వద్దన్నా వినకుండా గుర్తొచ్చింది. అది చూసి బాబాయి మొదటిసారి "శభాష్" అన్నాడు. అప్పటిదాకా ఆయన నోట ఆ మాట ఆమె విని ఎరగదు. పరుగున వెళ్లి, ఈత కొట్టి తడిజుట్టుతో వస్తున్న అన్నయ్యకి వీధి మధ్యలోనే చెప్పింది. "అయితే ఇకమీద నా సైకిల్ నీకే అప్పజెప్తానే" అని వాడు జడ పట్టి లాగాడు.

నాలుగు రోజుల తర్వాత పందెం.

"నువ్వు..." అంది చువ్వ. "నువ్వు నా చేత..."

"నేను దాన్ని వాడి సైకిల్లో మార్చి పెట్టా, అంతే. కోసింది నువ్వు. అది గొప్పగా కోశావు, నేను కాదన్నానా?" కప్పు కింద పెట్టాడు. "ముప్పై ఏళ్లు ఈ బల్ల దగ్గర నా నడుం విరిగింది. పందెం అయ్యాక బోర్డు మీద 'తండ్రీ కొడుకులు' అని రాయించడానికి పెయింటర్ని కూడా పిలిచారు మీ నాన్న. రంగు డబ్బా నాతోనే మోయించారు. పడిపోతాడు, చేతులు విరుగుతాయి, ఇక తొక్కడు అనుకున్నా. లోయ ఉందని నాకేం తెలుసు?"

"తెలుసు. ఆ దారిన వాడి చేత సాధన చేయించింది నువ్వే."

బాబాయి ఒక్క క్షణం ఆమె వైపు చూసి నవ్వాడు. పట్టుబడ్డ నవ్వు కాదు అది. బాగా చదివే పిల్లని చూసినప్పటి నవ్వు.

"సరే, వెళ్లు. పైకెళ్లి చెప్పు. 'నాన్నా, తప్పు నీది కాదు' అను. ఎవరిదని అడుగుతారు. ఈ ముక్క చేతిలో పెట్టు. నీ పని ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. బాబాయి కొయ్యమన్నాడు అని ఏడువు. నమ్ముతారేమో చూద్దాం."

పైన మెట్టు కిర్రుమంది.

ఇద్దరూ తలెత్తారు. ఇంకో మెట్టు. పదకొండేళ్లుగా ఆ మెట్ల మీద చువ్వ అడుగులు తప్ప వేరే అడుగు పడలేదు. ఈ అడుగు బరువుగా, ఒకటి పడ్డాక ఇంకోటి ఆలోచించుకుని పడుతోంది. చువ్వ గబుక్కున బల్ల మీది రెండు ముక్కల మీదా నూనెగుడ్డ లాగింది. ఎందుకు లాగిందో ఆమెకే తెలియదు. పొద్దున్నుంచీ ఆయనకి చూపించాలనేగా కాచుకుంది!

నాన్న చివరి మెట్టు మీద ఆగాడు. గడ్డం నెరిసి ఛాతీ దాకా దిగింది. సైకిల్ వైపు చూడలేదు. వైసులో సగం తెగిన గొట్టం వైపు, కూతురి ఎడమచేతిలో రంపం వైపు చూశాడు.

"పైకి వినబడింది" అన్నాడు. వాడక వాడక గొంతు తుప్పు పట్టింది. "మూడుసార్లు గీకడం. ఆ తర్వాత రంపం. నువ్వు తప్ప అలా ఎవరూ మొదలుపెట్టరు." ఊపిరి తీసుకున్నాడు. "ఈసారి ఎవరికోసం కోస్తున్నావమ్మా?"

రంపం చువ్వ చేతిలోంచి జారి నేల మీద పడింది.

"నాన్నా... నీకు తెలుసా?"

"లోయలోకి అందరికంటే ముందు దిగింది నేను. వాడి చేతిలో హ్యాండిల్ అలాగే ఉంది. కాడ అంచు మీద వేలు పెట్టా. నీ గాటు తగిలింది."

"మరి నువ్వే సరిగా బిగించలేదని..."

"కొడుకు పోయాడు. కూతుర్ని జైల్లో పెట్టించనా?" ఆ మాటలో ప్రేమ లేదు. ఎప్పుడో లెక్క తేలిపోయిన విషయం చెబుతున్నట్టు చెప్పాడు. "పందెంలో నువ్వూ దిగుతానన్నావు. ఆడపిల్లవి, ఆకురాయి పట్టుకో చాలన్నాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఆ కోపం వాడి మీద తీర్చుకున్నావనుకున్నా. నువ్వు పెట్టిన ముద్ద తిన్న ప్రతిసారీ అదే అనుకున్నా."

అంటే సిగ్గు కాదు. పదకొండేళ్లు, పూటకో కంచం, గుమ్మం అవతల కూర్చున్నది సిగ్గుతో కాదు.

"ఒక్కసారి అడగాల్సింది నాన్నా. ఒక్కసారి."

"అడిగితే అవునంటావేమోనని."

చువ్వ బల్ల పట్టుకుంది. "బాబాయి కొయ్యమన్నాడు. చిన్నపిల్లాడి సైకిల్‌కని చెప్పి నా చేత కోయించాడు. ఇప్పుడే, ఇక్కడే, తన నోటితో తనే అన్నాడు!"

నాన్న తమ్ముడి వైపు తిరిగాడు. బాబాయి ముఖం అప్పటికే మారిపోయింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"చిన్నపిల్ల అన్నయ్యా" అన్నాడు మెల్లిగా. "దొరికిపోయింది, ఏదో ఒకటి అంటుంది. మనసులో పెట్టుకోకు."

"ఆ రోజూ ఇదే మాటన్నావు" అన్నాడు నాన్న. "చిన్నపిల్ల, వదిలెయ్ అన్నయ్యా, అని నా కాళ్లు పట్టుకున్నావు." ఆయన చూపు మొదటిసారి స్టాండు మీది సైకిల్ మీద పడింది. మెరిసే ఆకుపచ్చ రంగు మీద, తను అతికిన అతుకుల మీద నెమ్మదిగా పాకింది. "ఆ సైకిల్‌ని, హ్యాండిల్ మళ్లీ గొట్టంలో దూర్చి, ఇటుక బట్టీ వెనక ఎర్రమట్టిలో నిలువు లోతున పాతిపెట్టాం. పార నువ్వు పట్టావు, లాంతరు నేను పట్టా. మూడో మనిషి లేడు. మరి దాన్ని పైకి తీసిందెవరు తమ్ముడూ?"

అంతసేపూ చెక్కుచెదరని బాబాయి ముఖంలో అప్పుడు రక్తం ఇంకిపోయింది.

"నేను తియ్యలేదు" అన్నాడు. "ఒట్టు అన్నయ్యా. కస్టమరు ఎవరో తుక్కులో కొనుక్కొచ్చాడని ఇదే చెప్పింది. ఎవడో తవ్వి అమ్ముకున్నాడనుకున్నా. నేనెందుకు తీస్తా?"

ఆ పొద్దున ఆయన అన్నయ్య ముందు చెప్పిన మొదటి నిజం అదే.

గడియారం పదకొండు కొట్టింది. గుమ్మం మీది గంట గణగణలాడింది.

తెల్ల గ్లవ్వుల పెద్దమనిషి లోపలికొచ్చాడు. వెనక తలుపు తనే మూశాడు, గడియ కూడా పెట్టాడు. ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసి, బల్ల దగ్గరికొచ్చి నూనెగుడ్డ ఎత్తాడు. రెండు ముక్కల్లోంచి పాతదాన్ని తడుముకోకుండా తీశాడు.

"మార్చలేదు కదా, మెకానిక్ గారూ? దీన్నే వేస్తున్నారు కదా?"



ఆయన పళ్లతో గ్లవ్వు అంచు పట్టి లాగాడు. కుడిచెయ్యి బయటికొచ్చింది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ ఉండాల్సిన చోట ముడతలు పడ్డ చర్మం ఉంది.

"ఆ రోజు మీవాడి వెనకే వస్తున్నది నేను. ముందు చక్రం ఎగిరొచ్చి నా చేతి మీద పడింది. నాకు రెండు వేళ్లు తక్కువ. ఈ కాడకీ రెండు వేళ్లు తక్కువ. ఎవరు ఎవరికి బాకీయో తేల్చుకోవడానికి పదకొండేళ్లు పట్టింది." కాడని చువ్వ ముందు పెట్టాడు. "బిగించండి. పొట్టి మరతోనే. బయట వ్యాను ఉంది. కొండ పైదాకా తీసుకెళ్తుంది. అందులో సైకిల్ పడుతుంది, దాని మీద కొండ దిగడానికి ఇంకొకరు పడతారు."

రోడ్డు మీద వ్యాను ఇంజను నడుస్తూనే ఉంది.

"ఎవరొస్తారో నేను చెప్పను" అన్నాడు పెద్దమనిషి. "కోసిందెవరో మీకు తెలుసు. మీరే చూపించండి."

బాబాయి ఎడమచెయ్యి తటపటాయించకుండా లేచి, చువ్వ వైపు చూపించింది.

అదే క్షణంలో నాన్న చెయ్యి కూడా లేచింది.